ఉక్కు ఓడ, ఉక్కు రూలు

శుక్రవారం పొద్దున పాత యుద్ధనౌక అడుగు గదిలో టంగుమని సుత్తి మోగింది.

ఒకప్పుడు ఫిరంగి గుండ్లు తగిలినా చెక్కుచెదరని ఉక్కు కవచం ఆ ఓడది. ఇప్పుడు రేవులో కట్టేసి, టిక్కెట్టు పెట్టి జనానికి చూపిస్తున్నారు.

సూపరింటెండెంటు గబగబా మెట్లు దిగాడు.

ఓ ముసలాయన గోడమీద, ఉక్కు పలకల్ని కలిపి బిగించే రివెట్టు తలకు ఒకపక్క వేలు ఆనించి, రెండోపక్క చిన్న సుత్తితో కొడుతున్నాడు. కొన్నింటి చుట్టూ సుద్దముక్కతో సున్నా చుడుతున్నాడు.

"ఏయ్! ఎవరు నువ్వు?"

ముసలాయన ఉలకలేదు, పలకలేదు. వెనకే దిగిన వాచ్‌మన్ భుజం తట్టాక తిరిగాడు.

"గట్టిగా చెప్పండి బాబూ. రివెట్ల మోతకి చెవులు పోయాయి."

గట్టిగా అరవడం సూపరింటెండెంటుకు వెన్నతో పెట్టిన విద్య.

"చెవుల్లేకుండా ఏం వింటున్నావయ్యా?"

"వేలితో వింటా బాబూ. ఈ వరసంతా వదులైంది. రెండ్రోజులు ఆగితే గొప్ప."

"ఇది యుద్ధనౌక! మీ ఇంటి రేకుల షెడ్డు కాదు!"

"రివెట్టు వదిలితే ఏ ఉక్కైనా రేకే." ముసలాయన జేబులోంచి మడత కాగితం తీశాడు. "అంతా ఇందులో ఉంది. చదవండి."

చదివితే ఏం పోయేది? కళ్లు అరిగిపోయేవా?

"కాగితాలు పైన పెట్టెలో వెయ్యాలి. సోమవారం తెరుస్తాం. ఈ ఓడకైనా కన్నం పడుతుందేమోగానీ, నా రూలుకి పడదు!"

"సోమవారం దాకా ఆగదు బాబూ..."

"బయటికి నడు!"

ముసలాయన గోడను ఒకసారి నిమిరి మెట్లెక్కాడు. కాగితం పెట్టెలో వేసి వెళ్లిపోయాడు.

సూపరింటెండెంటు మహానుభావుడు అంతటితో ఊరుకున్నాడా? సుద్ద సున్నాలన్నీ తడిగుడ్డతో తుడిపించాడు.

ఆదివారం మధ్యాహ్నం ఓడ ఒకపక్కకు ఒరిగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు పంపులవాళ్లను పిలిపించారు.

"ఎక్కడ కారుతోంది?" అడిగారు వాళ్లు.

"ఆ పెద్దాయన సున్నాలు చుట్టిన చోటే!" ఒళ్లు మండిన వాచ్‌మన్ సూపరింటెండెంటు వైపు తిరిగాడు. "నీళ్లలో ఎక్కడని వెతకను సార్? మీరే తుడిపించారుగా!"

సాయంత్రానికి ఓడ బురదలో కూలబడింది. అన్ని ఫిరంగులు చెయ్యలేని పని ఒక్క రూలు చేసింది.

సోమవారం సరిగ్గా పదింటికి, రూలు ప్రకారం, సూపరింటెండెంటు పెట్టె తెరిచాడు.

లోపల ఒకే ఒక్క కాగితం. తన ఆఫీసు ముద్ర. అడుగున, చదవకుండా రోజూ పెట్టే తన సంతకం.

"అయ్యా, ఈ ఓడకు రివెట్లు కొట్టినవారిలో మిగిలింది మీరొక్కరే, దయచేసి ఒక్కసారి వచ్చి, ఎక్కడ వదులైందో చూసి గుర్తు పెట్టగలరని ప్రార్థన."