ఐదో ఆట

ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడైనా తప్పితే దిద్దుకుని చదవండి. అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి, చెయ్యి ఇంకా నెమ్మదే.

“ఇది చచ్చిన ఆట. త్వరగా పూడ్చేసి రండి,” అన్నాడు కోచ్.

దేశదేశాల నుంచి మిశ్రమ జట్లు వచ్చిన బ్యాడ్మింటన్ పోటీ అది. రెండు జట్లు తలపడితే ఐదు ఆటలు. మొదటి నాలుగూ కోచ్ జట్టువాళ్ళు ఓడిపోయారు. మగా ఆడా కలిసి ఆడే జంట ఆట ఒక్కటే మిగిలింది. గెలిచినా ఓడినా ఫలితం మారదు, కానీ లీగు దశ గనుక ఆడి తీరాలి.

“రేపు పొద్దున గెలవకపోతే మూటాముల్లె సర్దుకోవడమే,” అన్నాడు కోచ్ మళ్ళీ, జట్టంతా పిచ్చుక అని పిలిచే అమ్మాయితో. “నీ జోడీ పొడుగన్నకి మోకాలు అసలే అంతంతమాత్రం. చకచకా గెలిచావా, రేపూ నువ్వే. నాన్చావా, బెంచీ మీదున్న పిల్ల ఆడుతుంది. తర్వాత నన్ను అనకు.”

పిచ్చుక బూట్ల తాడు బిగించింది. “సార్, ఇది కూడా టీవీలో వస్తుందా?”

“వస్తుంది. చూసే పుణ్యాత్ములు ఎవరో గానీ.”

“మా మేనత్త చూస్తుంది సార్. ఇవాళ అమ్మకి బదులు మంచం పట్టిన నాయనమ్మ పక్కన కూర్చుని, రెప్ప వెయ్యకుండా చూస్తుంది.”

“అందుకా జడ అంత బిగించావు!” అని నవ్వాడు ఆమెతో జంటగా ఆడే పొడుగన్న.

హాలు ఖాళీ అవుతోంది. జనం సంచులు సర్దుకుని మెట్లు దిగుతున్నారు. పై వరుసలో స్తంభం పక్కన ఒకావిడ మాత్రం ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది.

మొదటి గేములో పిచ్చుక గాలిలో తేలింది. నెట్ మీదికి లేచిన షటిల్ లేచినట్టే అవతల నేలకు దిగింది. పావుగంట తిరక్కుండా గేము చేతికొచ్చింది. పై వరుస నుంచి ఒంటరి చప్పట్లు వినిపించాయి.

“ఇదీ ఆటంటే! ఇంకొకటి ఇలాగే ఆడితే బస్సెక్కుదాం,” అన్నాడు కోచ్, మంచినీళ్ళు అందిస్తూ. అంతలోనే పైకి చూసి నవ్వాడు. “మనకి మిగిలింది ఒక్క ప్రేక్షకురాలు. ఆవిడా కునుకు తీస్తోంది చూడండి. మన ఆట జోలపాట అయిపోయింది.”

బెంచీ అంతా నవ్వింది. పిచ్చుక నవ్వలేదు. తల ఎత్తి ఒకసారి అటు చూసింది. ఆవిడ తల స్తంభానికి ఆనుకుని ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది.

“సార్, మనవాళ్ళని కేకలు వెయ్యొద్దనండి. నాకు ధ్యాస చెదురుతోంది.”

రెండో గేము నుంచి ఆట తీరే మారిపోయింది. చిన్నపిల్లలైనా కొట్టేసే షటిల్‌ని పిచ్చుక కొట్టకుండా ఎత్తి అవతలికి పంపింది. వాళ్ళు కొడితే తీసింది. మళ్ళీ ఎత్తింది. ఒక్కో పాయింటూ పొయ్యి మీద పెట్టి మరిచిన పాలలా మరుగుతూనే ఉంది. చివరికి ఆ గేము పోయింది.

“ఏమిటే ఆ ఆట? చుట్టాన్ని సాగనంపినట్టు షటిల్‌ని సాగనంపుతున్నావు!” కోచ్ మొహం కందగడ్డలా ఉంది.

“కొట్టడం కుదరట్లేదు సార్.”

“ఇందాక కుదిరిందిగా! టీవీలో ఇంకాసేపు కనబడాలనా?”

ఆమె చెమట తుడుచుకుని కోర్టులోకి నడిచింది.

మూడో గేములో పొడుగన్నని నెట్ దగ్గర నిలబెట్టి, వెనక మూల నుంచి మూలకి తనే పరిగెత్తింది.

“నన్నూ ఆడనివ్వవే తల్లీ!”

“నువ్వు రేపు ఆడాలి కదన్నా. ముందు నిలబడు, చాలు.”

“నువ్వు ఆడొద్దా?”

పిచ్చుక అప్పటికే వెనక మూలకి పరిగెత్తింది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. మోచేయి నేలకు రాసుకుని తోలు లేచింది. అయినా చేతికందిన షటిల్‌ని ఎత్తుతూనే ఉంది.

కోచ్ బెంచీ మీదున్న పిల్ల వైపు తిరిగాడు. “రేపు నువ్వు సిద్ధంగా ఉండు.”

ఆ మాట పిచ్చుకకి వినబడింది. ఒక్క క్షణం రాకెట్ పిడి మీద వేళ్ళు బిగిశాయి. తర్వాతి షటిల్ తలమీదికి పండులా వచ్చింది. దాన్నీ ఎత్తేసింది.

చివరికి ఆట ముగించింది కూడా ఆమె కాదు. అవతలి అమ్మాయి చెయ్యి అలసి, షటిల్ గీత దాటి పడింది.

“గెలిచాం,” అన్నాడు పొడుగన్న, సంతోషించాలో వద్దో తెలియనట్టు.

“గెలుపా ఇది?” అన్నాడు కోచ్. “రేపు నీకు బెంచీయే.”

“సరే సార్.”

వాదిస్తుందనుకున్న కోచ్ ఆమె వైపు తిరిగి చూశాడు.

అంతలో పై వరుసలో ఫోను మోగింది. ఆవిడ ఉలిక్కిపడి లేచింది.

“ఆ, వదినా… చూశారా? ఇప్పుడే కదా అయింది… వస్తున్నా, దారిలోనే ఉన్నాననుకోండి.”

సంచి చంకన పెట్టుకుని గబగబా మెట్లు దిగి వచ్చింది. పిచ్చుక చెంప నిమిరింది.

“పాడు కళ్ళు, మూతలు పడ్డాయే. గెలిచావా?”

“గెలిచానమ్మా.”

“చాలాసేపు పట్టినట్టుందే?”

“అవతలివాళ్ళు గట్టివాళ్ళు.”

“మోచేతికి ఏదైనా రాయి,” అంటూనే ఆమె తలుపు వైపు పరుగులాంటి నడక నడిచింది.

కోచ్ ఆమె వెళ్ళినవైపే చూశాడు. “మీ అమ్మా? కూతురు ఇంత పెద్ద పోటీలో ఆడుతుంటే, కూర్చుని నిద్రపోయిందా?”

పిచ్చుక తలుపు పూర్తిగా మూసుకునేదాకా చూసింది.

“ఆట నడిచినంతసేపే అమ్మకి సెలవు సార్.”