హులిగెమ్మ ఉగ్గాని

వీడియో తీసే కిరణ్ వస్తాడని ఈరన్న ఆ పొద్దు బండిని రెండుసార్లు కడిగించాడు.

ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర బొరుగులతో చేసే ‘హులిగెమ్మ ఉగ్గాని’ అంటే ఒకప్పుడు ఆదోని నుంచి కూడా వచ్చి తినేవాళ్లు. ఈరన్న పెళ్లాం హులిగెమ్మ ఫోటోకు దండ పడి ఎనిమిదేళ్లయింది. ఆ రుచి ఆమెతోనే పోయింది. ఇప్పుడు రోడ్డుకు అవతల నూడుల్స్ బండి వెలిసింది. కుర్రకారంతా అక్కడే. ఇంకో నెల ఇలాగే సాగితే ఈరన్న బండి మూసుకోవాల్సిందే.

పంతొమ్మిదేళ్ల కూతురు హేమ నానిన బొరుగులను నీళ్లలోంచి తీసి ఎడమ చేత్తో పిండుతోంది.

“కుడి చేతికేం రోగమే? ఎన్నిసార్లు సెప్పాల నీకు?” కసిరాడు ఈరన్న.

“కుడి చేత్తో పిండితే ముద్దయితాది నాయనా.”

బెంచీ మీద కూర్చొని ఉగ్గానిలో బజ్జీ నంజుకుంటున్న మగ్గం బసన్న తలెత్తాడు. “తల్లి లేని బిడ్డను పొద్దున్నే తిట్టకప్పా. ఈ బజ్జీలో లేని కారమంతా నీ నోట్లోనే ఉందే!”

“నోరు మూసుకోని తిను.”

“మూసుకోని ఎట్ల తినేదప్పా?”

కిరణ్ వచ్చాడు. ఆదోని పిల్లవాడే. దేశాలు తిరిగి రోడ్డు పక్క తిండ్లు చూపిస్తాడు. లక్షల మంది చూస్తారు. ముందు హేమ బొరుగులు పిండడం, తిరగవాత వేసి కలపడం అంతా తీశాడు. తర్వాత ప్లేటు అందుకున్నాడు. మొదటి ముద్ద నమిలేదాకా ఈరన్న ఊపిరి బిగబట్టాడు.

“శానా బాగుందన్నా.”

హేమ ముఖం విప్పారింది.

“ఇంగో సంగతి. పోయిన నెల దుబాయ్‌లో గూడా ఎమ్మిగనూరు ఉగ్గాని తిన్నా. ఒకామె చేస్తాంది. శుక్రవారం వస్తే మనోళ్లే కాదు, ఫిలిప్పీన్సోళ్లు గూడా లైను కడతారు.”

“బొరుగులు ఆడ యాడ దొరుకుతాయన్నా?” హేమ ఆశ్చర్యపోయింది.

“ఈడ నుంచే తెప్పిస్తాదంట. సూడు.”

ఫోను ఈరన్న చేతికిచ్చాడు. తెర మీద పొగ, నూనె మూకుడు, రెండు చేతులు.

“ఆమెది గూడా ఎడమ చెయ్యే! మీ ఊర్లో అందరూ అంతేనా ఏమి?” కిరణ్ నవ్వాడు. “ముఖం చివర్లో వస్తాది. ఆడిదొకటి, ఈడిదొకటి, పక్కపక్కనే పెడతా. ఆమెకూ పంపిస్తా. ఈ పాప పిండేది సూసి మురిసిపోతాది.”

ఈరన్న ఫోనును టక్కున బోర్లా పెట్టాడు.

“తీసెయ్ ఇది.”

“ఎందుకన్నా?”

“మా ఊరి పేరు అమ్ముకుంటాంది.”

“ఊరి పేరు నీ ఒక్కనిదా?”

“దుబాయ్‌కి పోయి ఉగ్గాని ఎవరు తింటారప్పా ఈడోళ్లు?” బసన్న అందుకున్నాడు. “ఏం కడుపుమంట నీకు!”

“ఆమెదీ వద్దు, నాదీ వద్దు. ఈ పిల్లను తీసింది నా కండ్ల ముందరే చెరిపెయ్.”

హేమ తండ్రి చెయ్యి పట్టుకుంది. “నాయనా! ఇది పోతే బండి నిలబడదు.”

“కూలిపోనీ.”

కిరణ్ మొహం మాడ్చుకుని హేమ వీడియో చెరిపేశాడు. “నీ ఖర్మ అన్నా. ఆమెది మాత్రం ఆపను. ఇప్పుడే పెడతాండా.” అక్కడే నిలబడి పెట్టేసి తన బైకు స్టార్ట్ చేశాడు.

హేమ చున్నీతో కళ్లు తుడుచుకుంది. ఆ దుబాయామె చేసేదేమిటో చూద్దామని తన ఫోను తీసింది. ఈరన్న దాన్ని లాక్కొని బొరుగుల నీళ్లలో పడేశాడు.

“పిచ్చి పట్టిందేమప్పా నీకు?” బసన్న లేచి నిలబడ్డాడు.

వంట పనికి బెంగుళూరు పోయిన హులిగెమ్మ ఎనిమిదేళ్ల కింద ‘ఇంక నీ ఇంటికి రాను, బిడ్డను నాకు పంపు’ అని ఫోన్ చేసిన సాయంత్రం, ఈరన్న ఊరికి ఆమె చచ్చిపోయిందని చెప్పాడు, ఆమెకు హేమ చచ్చిపోయిందని చెప్పాడు.