రెండు మరలు

సంచిలో మడతపెట్టిన బట్టలు, మందులు, సగం చదివిన పుస్తకం సర్ది, ఆవిడ పుస్తకాన్ని మళ్ళీ బయటికి తీసింది. వెంట తీసుకెళ్తే ముగింపు చదవకుండానే పోతానేమోనని భయం. ఇంట్లో వదిలేస్తే, చదవడానికైనా తిరిగొస్తానని ఆశ. పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, చివరికి కిటికీలో ఉంచేసింది.

ఇవాళ బుధవారం, సాయంత్రానికల్లా ఆసుపత్రిలో చేరాలి. మర్నాడు గుండెకి ఆపరేషన్. ఆసుపత్రి వేరే ఊళ్ళో ఉంది. ఆడవాళ్ళ వార్డులో మగవాళ్ళని ఉండనివ్వరు కాబట్టి తోడుగా మరదలు ఉంటుంది. ఆవిడ బెంగంతా ఇంట్లో ఒక్కడే ఉండిపోయే మొగుడి గురించి. చెవిలో మిషను పెట్టుకున్నా ఆయనకి ఫోనులో మాట అందదు. పోనీ ఫోనులో రాసుకుందామంటే, అద్దం మీద ఒకటి నొక్కితే ఇంకొకటి పడుతోందని విసిరికొడతాడు. ఆయన వేళ్ళు నమ్మేది ఒక్క దాన్నే. పని చేసిన ప్రెస్సు మూతపడ్డప్పుడు ఇంటికి తెచ్చుకున్న పాత కంప్యూటర్‌ని. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు. ఇప్పటికీ రోజూ దాని ముందు కూర్చుని ఏదో ఒకటి కొడుతూనే ఉంటాడు.

దాన్ని ఇంట్లోని నెట్‌కి కలపాల్సిందేనని ఆవిడ పట్టు పట్టింది. వార్డులోంచి తను ఫోనులో రాస్తే ఇక్కడ ఆ తెర మీద పడాలి, ఆయన కొట్టింది అక్కడ తన చేతిలో కనబడాలి. అది అయ్యాకే గుమ్మం దాటుతానంది. నెట్ లైన్లు వేసే పనిలో ఉన్న తమ్ముడు, ఆవిణ్ణి కారులో తీసుకెళ్దామని పొద్దున్నే వచ్చినవాడు, కంప్యూటర్ వెనక్కి దూరి కూర్చున్నాడు.

"బావా, ఈ ఇంట్లో మీకంటే ముసలిది ఇదొక్కటే. ఇద్దర్నీ కలిపి మార్చేయకూడదూ?"

"మీ అక్క ఒప్పుకోదయ్యా. అడిగి చూశాను," అన్నాడాయన.

పాత యంత్రానికి వైఫై అంటే ఏమిటో తెలియదు. అందుకని తమ్ముడు ఒక చిన్న పెట్టె తెచ్చాడు. అది గాలిలో వచ్చే మాటని పట్టి, వైరు గుండా దీనికి అందిస్తుందట. కలిపి చూస్తే తెర నిండా పిచ్చి గుర్తులు పడ్డాయి. ఇంకోలా కలిపితే అవీ లేవు. ఇక లాభం లేదు, ఇంకో నెల చూద్దామన్నాడు తమ్ముడు. నెల తర్వాత నేనుంటానో లేదోనని ఆవిడ అనగానే, మళ్ళీ కంప్యూటర్ వెనక్కి దూరాడు.

ఆయన తెరకేసి కాసేపు చూశాడు. ప్రెస్సులో ఉన్నప్పుడు దీంతోనే టెలిఫోను తీగ మీద పేజీలు పంపేవాళ్ళమని చెప్పాడు. "నెమ్మదిగా మాట్లాడించు దీనితో. నాలాంటిదే ఇదీ. గబగబా చెబితే అర్థం కాదు."

తమ్ముడు చిన్న పెట్టె వేగం తగ్గించాడు. తెర మీద చక్కటి అక్షరాలు వరుసగా పడ్డాయి. ముగ్గురూ ఊపిరి పీల్చుకునేలోపే ఆగిపోయాయి. ప్లగ్గు జారిపోతోంది. చేత్తో పట్టుకుంటే వస్తోంది, వదిలితే పోతోంది.

"దీన్ని బిగించే మరలేవక్కా?"

ఆవిడ ముఖం చిన్నబోయింది. వెళ్ళేముందు ఇల్లంతా దులిపినప్పుడు దీన్నీ తుడిచింది. తుప్పు పట్టాయని ఆ రెండు మరలూ విప్పి చెత్తలో పడేసింది.

ఆయన కోప్పడలేదు. వీధి మలుపులో హార్డ్‌వేర్ కొట్టుంది, ఇప్పుడే తెస్తానంటూ చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. ఆవిడ మళ్ళీ అప్పగింతలు మొదలెట్టింది. గ్యాసు కట్టెయ్యండి, మాత్రలు మరిచిపోకండి, నాకేమైనా అయితే బెంగపడి మంచం పట్టకండి.

"పొద్దుట్నించీ వీడ్కోలు చెబుతూనే ఉన్నావు. కారెక్కేటప్పటికి కాస్త మిగుల్చుకో," అన్నాడు ఆయన నవ్వుతూ.

ఆవిడ కళ్ళు ఫోను మీదే ఉన్నాయి. తలెత్తకుండానే సరేనంది. తలుపు చప్పుడైంది.

ఆయన అటు వెళ్ళగానే తమ్ముడికి ఉపాయం తట్టింది. కుట్టుపెట్టెలోంచి దారం అడిగి, ప్లగ్గుని రెండు చుట్లు చుట్టి ముడేశాడు. వదిలి చూశాడు. కదిపి చూశాడు. జారలేదు.

"రాయక్కా ఏదైనా."

ఆ తెరకి తెలుగు రాదు. ఆవిడ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కూడబలుక్కుని ఒక్కొక్కటే నొక్కింది. మరలు అక్కర్లేదు, ఇంటికి వచ్చేయండి. నల్లటి తెర మీద ఆకుపచ్చగా, ఒక్క తప్పు లేకుండా పడింది ఆ మాట. ఆవిడ చేతులు రెండూ గుండె మీద పెట్టుకుంది. పొద్దుట్నించీ ఉన్న దడ తగ్గింది. ఇక భయం లేదనిపించింది. ఆయన రాగానే చూస్తాడని దాన్ని చెరపనివ్వలేదు. కుర్చీని తెరకెదురుగా సరిచేసి, తలుపు తీసిపెట్టింది.

ఆపరేషన్ అనుకున్న రోజున కాలేదు. తర్వాతెప్పుడో అయింది. ఆవిడ నిక్షేపంగా ఇంటికి తిరిగొచ్చింది.

ఆ బుధవారం పొద్దున మరలకని వెళ్ళిన ఆయన మాత్రం ప్రాణాలతో తిరిగి రాలేదు.