ముక్కులో బరువు

"చెయ్యి రావడం లేదు మావయ్యా."

"లాగు."

అల్లుడు లాగాడు. రాలేదు. మోచేతి దాకా గొట్టంలో ఇరుక్కుపోయింది. నాలుగడుగుల అట్టగొట్టం. అట్ట మీద గుడ్డ, గుడ్డ మీద జిగురు, అన్నీ మామ తన చేతులతో చుట్టినవే. రేపు సాయంత్రం మైదానంలో ఎగరాల్సిన రాకెట్టు అది. అడుగున ప్లైవుడ్ చక్రాన్ని ముందే అతికించేశాడు. రెక్కల మొదళ్లకు లోపలి నుంచి జిగురు పట్టించాలన్నది ఆ తర్వాత గుర్తొచ్చింది. ఆ పొరపాటు ఒప్పుకోడు. చక్రం మధ్య రంధ్రంలో పట్టేది అల్లుడి సన్నటి చెయ్యి ఒక్కటే.

"బ్రష్ లోపల పడేస్తే నా చేతుల్లో చస్తావని ముందే చెప్పాను. పడేశావా?"

"లేదు మావయ్యా. గుప్పిట్లో బిగించి పట్టుకున్నాను. వేళ్లకి జిగురంటింది. ఆరిపోయినట్టుంది."

పక్క గదిలో పెట్టెలకు తాళ్లు కడుతున్న అల్లుడి భార్య పరుగెత్తుకొచ్చింది. చూసింది. గోడకున్న రంపం తీసింది.

"గొట్టం కోసెయ్యండి నాన్నా."

"మీ అమ్మ పోయాక నేను మనసుపెట్టి చేసిన పని ఇదొక్కటే. కొయ్యను."

"అయితే చెయ్యి కొయ్యమంటారా?"

"అదీ ఒక దారే." మామ నవ్వలేదు.

గొట్టాన్ని బల్లకు బిగించి ఉంచారు. అల్లుడికి కూర్చోవడానికి లేదు, తిన్నగా నిలబడడానికీ లేదు. మామ ఇంట్లో కాపురం పెట్టినప్పటి నుంచీ అతని బతుకు ఇంతే. రేపు పొద్దున బండి వస్తే ఊరికి ఆ చివర రెండు గదులు. వాటి తాళంచెవి చొక్కా జేబులో ఉంది.

"గొట్టంతో సహా వెళ్తావా కొత్తింటికి?" అన్నాడు మామ.

పెట్టెలు కట్టడం మొదలైనప్పటి నుంచి ఆయన ఆ ఊసెత్తడం ఇదే మొదటిసారి.

"వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి మావయ్యా."

"ఇక్కడే ఉంటానను. వదిలిస్తాను."

"ఇదేం బేరం నాన్నా!"

"నువ్వు నోర్ముయ్. నా రాకెట్టు కోసుకోమంటున్నావు. ఊరికే కోసుకోవాలా?"

అల్లుడు మళ్లీ లాగాడు. మణికట్టు దగ్గర చర్మం లేచింది.

"ఉంటాం మావయ్యా. ఎక్కడికీ పోం."

"నాతో కాదు, దానితో చెప్పు."

"ఉందామే."

భార్య మొగుడి మొహంలోకి ఒకసారి చూసింది. రంపం బల్ల మీద పడేసి, బండివాణ్ణి రావద్దని ఫోన్లో చెప్పడానికి లోపలికి వెళ్లిపోయింది.

మామ రంపం ముట్టుకోలేదు. అల్లుడి జేబులోంచి తాళంచెవి తీసి, అరచేతిలో ఎగరేసి బరువు చూశాడు.

"తిన్నగా ఎగరడానికి ముక్కులో కాస్త బరువు తక్కువైంది. ఇది సరిపోతుంది."

ఇంకా అతికించని రాకెట్టు ముక్కును తలకిందులుగా నిలబెట్టి తాళంచెవి అందులో పడేశాడు. అల్లుడు బ్రష్ ముంచిన జిగురు గిన్నెనే మామ అందుకుని వంచాడు. జిగురు ఆముదంలా జారి తాళంచెవిని ముంచేసింది.

"ఇది పొద్దుటికి గాని ఆరదు," అన్నాడు మామ. "ఇక ఆ బ్రష్ వదిలెయ్ అల్లుడూ. గుప్పిట విప్పితే చెయ్యి దానంతటదే వస్తుంది."