సున్నం

గోడ మీద మోహన్ ఫొటో పడింది. మెడలో బంతిపూల దండ, కింద 'శ్రద్ధాంజలి' అని పెద్దక్షరాలు.

కంప్యూటర్ ఆటలో మోహన్‌ని కాల్చిపారేసి, అక్కడి గోడకి ఆ బొమ్మ కొట్టింది పక్క కుర్చీలోని అభిషేకే.

"పోయావురా మోహనా! పెద్దకర్మ ఎప్పుడు?"

మోహన్ వాడికంటే ఎక్కువ నవ్వాడు. ఎవరికి నచ్చిన బొమ్మ వాళ్ళు ఆటలోని గోడలకి కొట్టుకునేలా ఆటని మార్చి మోడ్ తయారుచేసింది అతనే మరి. నరసరావుపేట హాస్టల్ మొత్తం ఇప్పుడు అందులోనే ఉంది. ఆ దండ ఫొటోని ఆటలోకి దిగే సర్వర్ లింకుతో సహా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు.

ఆ వారంలోనే ఆటలోకి ఎవరో కొత్త మనిషి దిగాడు. పేరు 'సున్నం'.

తుపాకీ పట్టడం రాదు. పరిగెత్తడం రాదు. ఎదురుపడినవాళ్ళంతా అతన్ని కాల్చేవాళ్ళు.

చచ్చి మళ్ళీ వచ్చేవాడు. మోహన్ ఫొటో ఉన్న గోడ వెతుక్కుని, దాని మీద తన బొమ్మ కొట్టేవాడు. వట్టి తెలుపు. ఫొటో మాయమయ్యేది.

"ఎవడ్రా వీడు, మన గోడలకి వెల్లేస్తన్నాడు?" అన్నాడు అభిషేక్.

మోహన్ చాట్‌లో కొట్టాడు. "ఒరేయ్ సున్నం, ఏందిరా నీ గోల?"

జవాబు చాలాసేపటికి వచ్చింది.

"బతికున్నోడికి దండెయ్యగూడదు బాబూ."

గది గొల్లున నవ్వింది.

"నువ్వేమన్నా నాకు చుట్టానివా?" అని కొట్టాడు మోహన్.

సున్నం మళ్ళీ వెళ్ళి ఫొటో మీద తెలుపు కొట్టాడు.

మోహన్ ఒక్క బటన్ నొక్కాడు. సున్నం ఇక లోపలికి రాకుండా బ్యాన్ పడింది.

"పీడా పోయింది," అన్నాడు.

మర్నాడు సొంతూరు పిడుగురాళ్ళ నుంచి ఫోను. మోహన్ తండ్రి ఏడుకొండలు పని మానేసి, ఎవరికీ చెప్పకుండా బండేసుకుని నరసరావుపేట బయల్దేరాడట. దారిలో లారీ గుద్దింది. ప్రాణం అక్కడికక్కడే పోయింది.

ఎందుకు బయల్దేరాడో ఇంట్లో తల్లి అంజమ్మకి కూడా తెలియదు.

ఫ్లెక్స్ అభిషేక్ చేయించాడు. ఆ తొందరలో, మోహన్ ఫొటోకి పెట్టిన దండే కంప్యూటర్లోంచి తీసి ఏడుకొండలు ఫొటోకి వేశాడు. మోహన్ దాన్ని గుర్తుపట్టాడు.

పెద్దకర్మ నాడు, వాళ్ళ వీధి చివర నెట్ సెంటర్ నడిపే దావూద్ వచ్చి టెంటు కింద మోహన్ పక్కన కూర్చున్నాడు.

"మీ నాన్న నీకోసమే బయల్దేరాడు తమ్ముడూ. లోపలికి రానీకుండా చేశారు, పోయి మావాణ్ణే బతిమాలుకుంటా అన్నాడు."

"ఏ లోపలికి భాయ్?"

"నీ స్టేటస్ చూసినకాడ్నించి మనిషి మనిషిగా లేడు. రోజూ పని దిగి నాకాడికే వచ్చేవాడు. వేళ్ళు చానా పగిలిపోయినయ్, బటన్ కూడా సరిగ్గా నొక్కలేడు. పట్టుబట్టి మీ ఆట నేర్చుకున్నాడు."

మోహన్ తలెత్తి చూశాడు.

"సున్నపు బట్టీలో పనిచేసే మనిషి గదా అని, 'సున్నం' అని పేరు పెట్టింది నేనే."