విదియ నాటి టిక్కెట్లు

ప్రసూన అంట్లు తోముతూ గోడ మీది తెర కేసి చూసింది. మూడు దీవుల విహారయాత్ర పట్టికలో మొదటి పేరు లేదు. రేవు మునిగిన దీవి పేరు పట్టికలోంచి దానంతటదే చెరిగిపోతుంది. ఓడ ఇంక అక్కడ ఆగదు.

"గుడి నాట్యాలు పోయాయండీ," అంది భర్త చిదంబరంతో. "తెల్ల ఇసక బీచీ, అక్క వాళ్ల దీవీ మిగిలాయి."

అక్క కనకం ఆ మూడో దీవిలో చిన్న హోటల్ నడుపుతోంది. ఆవిడ పెట్టే చేపల పులుసు కోసం యాత్రికులు వరస కట్టేవారు.

చిదంబరం పోయిన శనివారమే బయల్దేరదామన్నాడు. ప్రసూనే ససేమిరా అంది. అమావాస్య ముందు ప్రయాణమేమిటి, పాడ్యమీ పనికిరాదు, విదియ నాడు వెళ్దామని పట్టుబట్టి టిక్కెట్లు మార్పించింది. అమావాస్యకి సముద్రం పొంగుతుందన్న సంగతి, భీమిలి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషికి, అప్పుడు తట్టనేలేదు.

ఇవాళే అమావాస్య.

అక్క ఫోన్ చేసింది. వెనకాల నీళ్ల చప్పుడు వినిపిస్తోంది.

"జనాన్ని తరలించే ఆఖరి పడవ నిన్న వెళ్లిపోయిందే. పక్కింటి బాలింతకి చోటు లేదంటే నాది ఇచ్చేశా. ఎలాగూ నువ్వొస్తున్నావుగా, మీ ఓడలో వచ్చేస్తాను."

ప్రసూన తెర కేసి తిరిగింది. మూడో పేరు చెరిగిపోయింది.

"మీరు దిగే ముందురోజే పులుసు పెట్టేస్తా," అంటోంది అక్క. "మర్నాటికైతే ముక్కకి బాగా పడుతుంది."