తొమ్మిదో సీసా

తెర మీద ఆ పచ్చచుక్క మళ్ళీ వెలిగింది.

వనజ పళ్ళు కొరికింది. వెలగకూడదు. తొమ్మిదో సీసాకి అది వెలగనేకూడదు.

ఇసుక రేణువంత పురుగు. ఒళ్ళంతా గాజులా ఉంటుంది. లోపలి నాడీకణం పనిచేసినప్పుడల్లా పచ్చగా వెలిగేలా పెంచిన జాతి. దాన్ని ఎక్కడా అంటించరు, నొక్కిపట్టరు. పళ్ళెంలో దాని ఇష్టానికి పాకనిస్తారు. అది ఎటు పోతే సూక్ష్మదర్శిని కింది బల్ల అటు జరిగి, దాని తలను కెమెరా ముందే ఉంచుతుంది. క్యాన్సర్ ఉన్నవాళ్ళ మూత్రం వాసన తగిలితే పురుగు ముక్కు దగ్గరి కణం వెలుగుతుందా? కరీంనగర్ శివారులోని ఆ చిన్న పరిశోధనశాలలో వనజ తేల్చవలసింది అదే.

రోగుల మూత్రం ఉన్న సీసాలకి వెలుగుతోంది. ఆరోగ్యవంతుల సీసాలకి వెలగడం లేదు. ఒక్క తొమ్మిదో సీసా తప్ప. అది ఆరోగ్యవంతుల వరుసలోది.

ఆ సీసా ఎవరిదో వనజకి తెలియదు. పురుగుల్ని చూసేవాళ్ళకి మనుషుల పేర్లు తెలియకూడదన్నది నియమం. పేర్లు తీసేసి అంకెలు వేసినవాడు ఓంప్రకాశ్. సీసాలు నింపేదీ, దాచేదీ అతనే.

అక్కడే వనజకి అనుమానం మొదలైంది.

ఈ సూక్ష్మదర్శిని పని ముందు ఓంప్రకాశే అడిగాడు. పరిశోధనశాల పెద్ద సరళాదేవి దాన్ని వనజ చేతిలో పెట్టింది. అప్పుడతను నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తోంది. నిధులిచ్చేవాళ్ళు చూడటానికి వచ్చేది వచ్చే వారమే. రోగి సీసాలోంచి ఒక్క చుక్క తెచ్చి తొమ్మిదో దాంట్లో కలిపితే చాలు, ఏళ్ళ తరబడి చేసిన పని మంటగలుస్తుంది.

మరిచిపోయిన టిఫిన్ డబ్బా కోసం వనజ ఆదివారం పరిశోధనశాలకి వచ్చింది. సూక్ష్మదర్శిని ఉండే చీకటిగదిలో ఓంప్రకాశ్ ఉన్నాడు. చేతిలో తొమ్మిదో సీసా.

"గిప్పుడొచ్చిండ్రేంది అక్కా?" ఉలిక్కిపడి తెర ఆర్పేశాడు.

"నువ్వేం జేస్తున్నవ్?"

"ఏం లే. లెన్సు తుడుస్తున్న."

లెన్సు తుడవడానికి సీసా ఎందుకో వనజ అడగలేదు. మనసులో మాత్రం రాసిపెట్టుకుంది.

మర్నాడే ఓంప్రకాశ్ వాళ్ళమ్మకి పానం బాగలేదని, మంచిర్యాల పోతున్నానని సెలవు పెట్టాడు. మధ్యాహ్నం పరిశోధనశాలకి ఫోనొచ్చింది. వాళ్ళమ్మ దేవవ్వ.

"బిడ్డా, మా ఓంప్రకాశ్ ఫోన్ ఎత్తుతలేడు. జర పిలుస్తవా?"

"మీకు బాగలేదని ఆడికే వచ్చిండు గదా అవ్వా?"

"నాకేమైంది? గుండ్రాయి లెక్కున్న. వాడు ఈడికి రానేలే!"

వనజ ఫోన్ పెట్టేసింది. వీడు ఎక్కడికి పోయినట్టు? ఎవరిని కలుస్తున్నట్టు?

తిరిగొచ్చాక అతని వరుస ఇంకా మారింది. వనజ గదిలోకి వస్తే మాట ఆపేస్తున్నాడు. కళ్ళలోకి చూడడం లేదు. ఒకసారి వరండా మలుపు దగ్గర ఫోన్లో అంటుంటే విన్నది.

"ఆమెకు ఇంకా తెల్వదు సార్. పక్కా అయినంక నేనే జెప్త."

వనజ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

ఆ సాయంత్రమే ఇంటికి పోయే చొప్పదండి బస్సు కోసం బయల్దేరుతుంటే వెనకాలే వచ్చాడు.

"అక్కా, మొకం పీక్కపోయింది. కొన్నొద్దులు సెలవు వెట్టుండ్రి. ఈడి పని నేను జూసుకుంట, ఫికర్ జెయ్యకుండ్రి."

ఎంత తియ్యగా అన్నాడు! కుర్చీ ఖాళీ చేయమనడానికి ఇంతకంటే మంచి మాట దొరకదు. బస్సులో కూచున్నా ఆమెకి ఒళ్ళు మండుతూనే ఉంది. మగ్గం మీద రెక్కలు ముక్కలు చేసుకుని బాపు కూతుర్ని చదివించింది ఈ కుర్చీ ఇలాంటివాడికి అప్పజెప్పడానికా?

తెల్లారి నేరుగా సరళాదేవి గదికి పోయి అంతా చెప్పేసింది. ఆదివారం సంగతి, మంచిర్యాల అబద్ధం, వరండాలో ఫోను. సరళాదేవి మొహం గంభీరమైంది. ఓంప్రకాశ్‌ని పిలిపించింది.

"సీసల మిలావట్ జేసినవ్, రోగిది కలిపినవ్. ఒప్పుకో," అంది వనజ.

అతను నేలచూపులు చూశాడు.

"మిలావట్ లేదు అక్కా. ముందుగాల నేను గూడ ఏదో గల్తీ అయ్యిందనే అనుకున్న. పురుగులను మార్చి చూసిన, పళ్ళాలు మార్చి చూసిన. మళ్ళ మళ్ళ గట్లనే వెలుగుతుంది."

"మరి మంచిర్యాల పోతున్ననని అబద్ధమెందుకు చెప్పినవ్?" సరళాదేవి అడిగింది.

"పట్నం పోయిన మేడం. పెద్ద డాక్టర్‌ను గలిసిన, ఫోన్ల మాట్లాడింది గూడ ఆయనతోనే. పురుగులు తప్పు జెప్తయా అని అడుగుదామని."

"కథలు జెప్పకు," వనజ గొంతు పెంచింది. "గా మనిషిని పిలిపియ్యి. మా కండ్ల ముందట మళ్ళ కొత్త సీస ఇయ్యమను. అప్పుడు దెలుస్తది నీ బండారం. ఎవరు గా మనిషి?"

ఓంప్రకాశ్ సరళాదేవి వైపు తిరిగాడు. "మేడం, జర బయటికి రాండ్రి. మీకొక్కలకే జెప్త."

వనజ లేచి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఏమున్నా నా ముందటనే జెప్పు. తప్పు జెయ్యనోనికి భయమెందుకు?"

సరళాదేవి తలూపింది. "చెప్పు ఓంప్రకాశ్."

ఓంప్రకాశ్ తల ఎత్తి, ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి వనజ కళ్ళలోకి సూటిగా చూశాడు.

"పని మొదలువెట్టిననాడు మనమందరం ఆరోగ్యమైనోళ్ళ వరుసకు సీసలిచ్చినం గదా అక్కా... తొమ్మిదోది మీదే."